తల్లిపాలు ఆపకండి, ముందు తండ్రి రక్తం చూపించండి

ప్రశ్న: మాది ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఒక గూడెం. నా భార్య నాకు స్వయానా మేనమామ కూతురు. తొలి కాన్పులో పాప పుట్టి నేటికి 52 రోజులు. పాప బాగానే ఉంది, బరువు కూడా పెరిగింది. కాన్పుకు ముందు గూడెంలో పెట్టిన రక్తపరీక్షల క్యాంపులో నా భార్యకు సికిల్ సెల్ ఉందని చెప్పి ఒక కాగితం ఇచ్చారు. దాని మీద 'సికిల్ పాజిటివ్' అని తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు నేను మిరప కోతకు పోయి ఉండడం వల్ల పరీక్ష చేయించుకోలేదు. ఆ రోగం పాల వెంట పాపకు అంటుతుందని, చనుబాలు మాన్పించి మేకపాలో డబ్బాపాలో పట్టమని మా అమ్మ పోరుతోంది. నా భార్య భయపడి రోజుకు మూడు నాలుగు సార్లే పాలిస్తోంది. హనుమకొండలో ఒక ల్యాబు తరఫున తిరిగే మనిషి, పాపకు జన్యు పరీక్ష చేయిస్తే రాబోయే రోగాలన్నీ ముందే తెలిసిపోతాయని, 22 వేలు అవుతుందని అంటున్నాడు. అప్పు చేస్తే తప్ప అంత డబ్బు లేదు. ఇంకొక మాట. నా భార్య చెల్లెలిని మా తమ్ముడికి చేసుకోవాలని అనుకున్నాం, వచ్చే మాఘంలో లగ్గం. ఇప్పుడు ఆ సంబంధమే వద్దంటున్నారు. మేమేం చేయాలి?
— ఒక తండ్రి, ములుగు జిల్లా

సమాధానం: మీరు అడిగిన నాలుగింటిలో మూడు కొన్నాళ్లు ఆగగలవు. పాల సంగతి మాత్రం ఈ పూటే తేలవలసినది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. మీ పాపకు చనుబాలు మాన్పించకండి. సికిల్ సెల్ అంటురోగం కాదు. పాల వెంట గాని, ఒక పక్కలో పడుకుంటే గాని, ఒకే గిన్నెలో తింటే గాని అది ఒకరి నుంచి ఒకరికి రాదు. రక్తానికి ఎరుపునిచ్చే హెమోగ్లోబిన్‌ను ఎలా తయారుచేయాలో శరీరానికి చెప్పే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల కలిగే లక్షణం అది. ఆ మారిన జన్యువు పాపకు దిగిందా లేదా అన్నది, పాప తల్లి కడుపున పడిన నాడే తేలిపోయింది. ఇప్పుడు పాలు ఆపితే దిగినది వెనక్కు పోదు, ఇస్తే కొత్తగా వచ్చేదీ లేదు.

అయినా మీ అమ్మగారి భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేను. పాల ద్వారా బిడ్డకు సోకగల జబ్బులు నిజంగానే ఉన్నాయి. హెచ్.ఐ.వి. అలాంటిదే, దాని గురించి ఏళ్ల తరబడి ఆసుపత్రి గోడల మీద బొమ్మలు చూసినవారు 'రక్తంలో రోగం' అనగానే పాలను అనుమానించడంలో వింత లేదు. తల్లిపాలే సరిపడని జన్యు వ్యాధి కూడా ఒకటుంది. గెలాక్టోసీమియా అనే చాలా అరుదైన లోపంతో పుట్టిన శిశువు శరీరం పాలలోని చక్కెరను వినియోగించుకోలేదు కాబట్టి, ఆ శిశువుకు తల్లిపాలతో సహా ఏ పాలూ పనికిరావు. అయితే ఆ లోపం తీవ్రంగా ఉన్న శిశువు మొదటి రెండు వారాల్లోనే వాంతులతో, కామెర్లతో నీరసించిపోతుంది. 52 రోజులుగా పాలు తాగుతూ బరువు పెరుగుతున్న మీ పాప విషయంలో ఆ శంక అక్కరలేదు.

ఇక మేకపాల మాట. మేకపాలలో ఫోలిక్ ఆమ్లం చాలా తక్కువ. ఆ పాల మీదే పెరిగిన పసిపిల్లలకు రక్తహీనత రావడం పిల్లల వైద్యులకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతి. సికిల్ సెల్ వ్యాధే ఉన్న బిడ్డలోనైతే ఎర్ర రక్తకణాలు పది ఇరవై రోజులకే విరిగిపోతాయి. ఆరోగ్యవంతుల్లో అదే కణం 120 రోజుల దాకా బతుకుతుంది. విరిగిన వాటి స్థానంలో కొత్త కణాలు పుట్టుకురావడానికి ఆ బిడ్డకు ఫోలిక్ ఆమ్లం మామూలు కంటే ఎక్కువే కావాలి. అంటే ఏ రోగానికి భయపడి మీ అమ్మగారు మేకపాలు పట్టమంటున్నారో, ఆ రోగమే ఉన్న బిడ్డకు మేకపాలు మరింత చెడు చేస్తాయి. ఏడాది లోపు పిల్లలకు ఆవుపాలు, గేదెపాలు ముఖ్య ఆహారం కావడమూ మంచిది కాదు. వాటిలో ఇనుము తక్కువ, పైగా ఆవుపాల వల్ల కొందరు పిల్లల పేగుల్లో కంటికి కనిపించనంత నెత్తురు కారుతుంది.

డబ్బాపాలతో వచ్చే చిక్కు పొడిలో కంటే నీళ్లలోనూ డబ్బా ఖరీదులోనూ ఎక్కువ. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలిపితే నెల తిరిగే సరికి ఎన్ని డబ్బాలు ఖాళీ అవుతాయో చూసిన ఏ కూలి కుటుంబమైనా, రెండో నెల నుంచి చెంచాకు పోయవలసిన నీటికి మరికొంత చేర్చడం మొదలుపెడుతుంది. పాలు తెల్లగానే కనిపిస్తాయి, బిడ్డ కడుపూ నిండుతుంది, బరువు మాత్రం పెరగదు. మరిగించని బోరు నీళ్లు, సరిగా ఉడికించని సీసా దీనికి తోడైతే విరేచనాలు తప్పవు. శిశువుల పాలపొడిని ప్రచారం చేయకూడదని మన దేశంలో 1992లోనే చట్టం చేశారు. అందుకే ఆ డబ్బాల మీద తల్లిపాలే శ్రేష్ఠమన్న మాట తప్పనిసరిగా ఉంటుంది. మీ అమ్మగారికి చదివి వినిపించడానికి అది పనికొస్తుంది.

తల్లిపాలలో ఏముందో కూడా ఒక మాట చెప్పాలి. బిడ్డ ముక్కు, గొంతు, పేగుల లోపలి పొరను కాపు కాసే ప్రతిరక్షకాలు, ముఖ్యంగా ఐ.జి.ఎ. రకానివి, తల్లిపాలలో దండిగా ఉంటాయి. ఆ గూడెంలో, ఆ ఇంట్లో తిరిగే సూక్ష్మజీవులను తల్లి ఒళ్లు ఎప్పటికప్పుడు చూసి తయారుచేసేవే అవి, ఏ డబ్బాలోనూ దొరకవు. ఇంకొకటి నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యం తగ్గనిది. తల్లిపాలలో లాక్టోజు, కొవ్వు తరవాత అన్నిటికంటే ఎక్కువగా ఉండే ఘనపదార్థం, బిడ్డ అరిగించుకోలేని ఒక జాతి చక్కెరలు. అవి బిడ్డ కోసం ఉద్దేశించినవి కావు, బిడ్డ పేగుల్లో పెరగవలసిన మేలు చేసే బ్యాక్టీరియా తిండి కోసం ఉద్దేశించినవి. చెడు సూక్ష్మజీవులు పేగు గోడను పట్టుకోకుండా కూడా అవి అడ్డుపడతాయి. సికిల్ సెల్ ఉన్న బిడ్డకు అన్నిటికంటే పెద్ద శత్రువు ఇన్‌ఫెక్షన్. ఆ బిడ్డకు తల్లిపాల అవసరం మిగతా పిల్లల కంటే ఎక్కువే గాని తక్కువ కాదు.

కాబట్టి మీ భార్యను పగలూ రాత్రీ కలిపి 8 నుంచి 12 సార్లు పాలివ్వమనండి. మూడు నాలుగు సార్లకు పడిపోయిన పాలు, బిడ్డ పదేపదే చప్పరిస్తే కొన్ని రోజుల్లోనే తిరిగి ఊరతాయి. రాత్రి పాలు ముఖ్యం. రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా పాప మూత్రం పోస్తూ, అంగన్‌వాడీ తూకంలో బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. ఆరు నెలలు నిండే దాకా మంచినీళ్లు, తేనె, ఆముదం, గ్రైప్ వాటర్ ఏదీ వద్దు. ఎండాకాలం వచ్చినా వద్దు, తల్లిపాలలో నూటికి 87 వంతులు నీరే.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. క్యాంపుల్లో సాధారణంగా చేసేది ఒక ద్రావణ పరీక్ష. వేలి చివర గుచ్చి తీసిన నెత్తురు బొట్టును సన్నని గాజు గొట్టంలోని మందులో కలిపి, గొట్టం వెనక నల్లటి గీతలున్న అట్టను పెట్టి చూస్తారు. గీతలు గొట్టంలోంచి కనిపిస్తే సికిల్ లేదని, గొట్టం మసకబారి గీతలు కనిపించకపోతే ఉందని లెక్క. చౌకైన పరీక్ష, పది నిమిషాల్లో తేలుతుంది. కాని అది చెప్పగలిగేది అంతవరకే. ఒక్క జన్యువే మారినవారికీ, రెండు జన్యువులూ మారినవారికీ గొట్టం ఒకేలా మసకబారుతుంది. ఈ ఇద్దరికీ ఉన్న తేడా చిన్నది కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున మనకు హెమోగ్లోబిన్ జన్యువులు జంటగా వస్తాయి. రెండింటిలో ఒకటి మాత్రమే మారినవారిని వాహకులంటారు, ఆసుపత్రి భాషలో 'ట్రెయిట్'. వాళ్లు రోగులు కారు. పొలం పని చేస్తారు, పిల్లలను కంటారు, మందులు అక్కరలేదు. రెండూ మారినవారికే కణాలు కొడవలి ఆకారంలో వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని, నొప్పులు, రక్తహీనత, తరచు ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. మీ భార్య ఇన్నాళ్లూ ఆరోగ్యంగా ఉండి, మామూలుగా కాన్పు అయిందంటే ఆమె వాహకురాలే అయి ఉండడానికి అవకాశం ఎక్కువ. అయినా రక్తంలోని హెమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్షతో దాన్ని రూఢి చేసుకోవాలి.

ఇక్కడ మీరే కీలకం. మీ భార్య వాహకురాలై, మీ రక్తంలో ఏ లోపమూ లేకపోతే, పాపకు వ్యాధి రాదు. మహా అయితే తల్లిలాగే వాహకురాలు అవుతుంది, ఈ ఉత్తరంలోని భయాల్లో ముప్పాతిక వంతు అక్కడితో పోతాయి. మీరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకత్వం మాత్రమే వచ్చే అవకాశం సగం, ఏమీ రాకపోవడానికి నాలుగింట ఒకటి. 'ప్రతి కాన్పులోనూ' అన్న మాటను గుర్తుంచుకోండి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తరవాతి ముగ్గురూ తప్పించుకుంటారని లెక్కలు వేసుకున్న దంపతులను నేను చూశాను.

మీది మేనరికం కాబట్టి ఇంకొక లెక్క ఉంది. మీ భార్యకు ఈ జన్యువు తండ్రి నుంచి వచ్చి ఉంటే, ఆయన మీ అమ్మగారికి తోడబుట్టినవాడు గనుక, మీ అమ్మగారికీ అది ఉండే అవకాశం సుమారు సగం. అందులోంచి మీకు దిగే అవకాశం మళ్లీ సగం. మీ అత్తగారి వైపు నుంచి వచ్చి ఉంటే ఈ లెక్క వర్తించదు. కోడలి రక్తంలో రోగముందని ఇన్నాళ్లూ అన్న మనిషికి ఈ సంగతి తెలియవలసిందే గాని, నిందలా కాకుండా, పదిమంది లేని వేళ, నెమ్మదిగా చెప్పండి.

ములుగులోని ప్రభుత్వ ఆసుపత్రికి గాని, వరంగల్ ఎం.జి.ఎం.కు గాని ముగ్గురూ ఒకే రోజు వెళ్లండి. 'మాకు హెచ్.పి.ఎల్.సి. కావాలి' అని ఆ పేరుతోనే అడగండి. ఎక్కడ చేస్తారో, రక్తం ఎక్కడికి పంపుతారో మీ ఏ.ఎన్.ఎం. కనుక్కోగలరు. దేశంలో 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ కార్యక్రమం పరిధిలో తెలంగాణ కూడా ఉంది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయడం దాని లక్ష్యం. అడగడం మీ హక్కు. మీ ముగ్గురిలో ఎవరికైనా గత మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే ముందే చెప్పాలి, లేకపోతే ఫలితం ఎక్కించిన రక్తానిది అవుతుంది.

పాపకు ఆ గాజు గొట్టం పరీక్ష చేయనివ్వకండి, ఆరు నెలల లోపు దాన్ని నమ్మలేము. కారణం చెబుతాను. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఉండేది వేరే రకం హెమోగ్లోబిన్, దాన్ని 'ఎఫ్' అంటారు. పుట్టిన తరవాత అది నెమ్మదిగా తగ్గి, దాని చోట పెద్దవాళ్ల హెమోగ్లోబిన్ 'ఎ' గాని, సికిల్ హెమోగ్లోబిన్ 'ఎస్' గాని పెరుగుతుంది. ఈ వయసులో ఎస్ ఇంకా కొద్దిగానే ఉండడం వల్ల గొట్టం మసకబారకపోవచ్చు, 'ఏమీ లేదు' అన్న తప్పుడు ధైర్యం మిగులుతుంది. హెచ్.పి.ఎల్.సి. రిపోర్టులో మాత్రం కొండ శిఖరాల్లాంటి గీతలు, వాటి పక్కన అక్షరాలు, శాతాలు ఉంటాయి. పాప కాగితంలో ఎఫ్, ఎ మాత్రమే ఉంటే సికిల్ లేదు. ఎఫ్, ఎ, ఎస్ మూడూ ఉండి, ఎస్ కంటే ఎ ఎక్కువగా ఉంటే వాహకురాలు. ఎఫ్, ఎస్ ఉండి ఎ అసలే లేకపోయినా, ఎ కంటే ఎస్ ఎక్కువగా ఉన్నా, అదే రోజు పిల్లల డాక్టరును కలవాలి. మీ కాగితంలో ఎస్ ఉందా అని మాత్రమే చూసి వదిలేయకుండా, 'ఎ2' ఎంత ఉందో కూడా డాక్టరును అడగండి. అది 3.5 శాతం దాటితే తలసీమియా, అంటే హెమోగ్లోబిన్ తక్కువగా తయారయ్యే మరో జన్యు లోపానికి వాహకులన్న అనుమానం వస్తుంది. తల్లి నుంచి సికిల్, తండ్రి నుంచి తలసీమియా దిగిన బిడ్డకూ వ్యాధి వస్తుంది. గాజు గొట్టం ఈ రెండోదాన్ని ఎన్నటికీ పట్టుకోలేదు.

ఇంత తొందర ఎందుకంటే, ఇన్‌ఫెక్షన్ల వల్ల. మన పొట్టలో ఎడమ పక్కన, డొక్క ఎముకల కింద ప్లీహం అనే అవయవం ఉంటుంది. పాతకాలం వారు 'కడుపులో బల్ల పెరిగింది' అనేది ఈ అవయవం ఉబ్బినప్పుడే. రక్తంలోకి చొరబడిన సూక్ష్మజీవులను, ముఖ్యంగా ఒంటి చుట్టూ చక్కెర పూత వేసుకుని తప్పించుకు తిరిగే న్యూమోకాకస్ వంటి వాటిని, జల్లెడ పట్టి ఏరేసేది ఇదే. సికిల్ సెల్ వ్యాధి ఉన్న పిల్లల్లో వంకర కణాలు ఆ జల్లెడ కన్నాల్లోనే ఇరుక్కుని, మొదటి ఏడాదిలోనే దాన్ని పనికిరాకుండా చేయడం మొదలవుతుంది. అప్పటి నుంచి మామూలు జ్వరంలా వచ్చినది కొన్ని గంటల్లో రక్తమంతా పాకగలదు. 1986లో అమెరికాలో మెరిలిన్ గాస్టన్ అనే పిల్లల వైద్యురాలి ఆధ్వర్యంలో, మూడేళ్ల లోపు వయసున్న 215 మంది సికిల్ సెల్ పిల్లలపై ఒక అధ్యయనం వెలువడింది. కొందరికి రోజుకు రెండు పూటలా పెన్సిలిన్ మందు, మిగతావారికి మందులా కనిపించే ఉత్త పదార్థం ఇచ్చి చూశారు. పెన్సిలిన్ తీసుకున్నవారిలో ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి, వారిలో ఒక్కరూ చనిపోలేదు. రెండో వర్గంలో ముగ్గురు చనిపోయారు. ఇంత తేడా కనిపించాక మందు ఇవ్వకుండా ఉంచడం అన్యాయమని అధ్యయనాన్ని ఎనిమిది నెలల ముందే ఆపేశారు. జబ్బు బయటపడే దాకా ఆగకుండా పుట్టగానే పరీక్షించాలన్న పద్ధతి అక్కడ ఊపందుకున్నది ఈ ఫలితం తరవాతే. ఆ పెన్సిలిన్‌ను రెండో నెల నుంచి మొదలుపెట్టడం మేలు. మీ పాపకు 52 రోజులు. ఆ మందు మోతాదు డాక్టరు రాయవలసిందే గాని, వ్యాధి తేలకుండా మెడికల్ షాపులో కొని వేయకండి.

ఈ విషయంలో నా సొంత పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గోదావరి ఒడ్డు గ్రామాల వారు వచ్చే ఒక ఆసుపత్రిలో, పది నెలల పిల్లవాడిని ఒక తల్లి తీసుకొచ్చింది. రెండు చేతులూ ముంజేతి కింది నుంచి ఉబ్బి, మేనమామ పెట్టిన వెండి కడియాలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. నూనె రాసినా రాకపోతే కంసాలి దగ్గర కోయించుకు రమ్మని నేనే పంపాను. ఉబ్బినది రక్తహీనత వల్లనో, బలం లేకనో అనుకుని ఇనుము టానిక్ రాసిచ్చాను. మూడు వారాలకు ఆ పిల్లవాడు రాత్రంతా జ్వరంతో ఉండి, తెల్లవారి మా దగ్గరికి చేరే సరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య పిల్లల్లో చేతులు, పాదాలు అలా నొప్పితో ఉబ్బడం సికిల్ సెల్ వ్యాధికి తరచుగా మొట్టమొదటి గుర్తు అని పుస్తకంలో చదివి ఉన్నా, ఎదుట కనిపించినప్పుడు నాకు తట్టలేదు. అప్పటి నుంచి పసిపిల్లల కడియాలు హఠాత్తుగా బిగుసుకున్నాయని ఏ తల్లి చెప్పినా ముందు రక్తపరీక్ష రాస్తున్నాను. ఇనుము టానిక్ విషయమూ అంతే. వాహకులకు అందరిలాగే అవసరమైతే ఇవ్వవచ్చు గాని, వ్యాధి ఉన్న బిడ్డకు, ముఖ్యంగా రక్తం ఎక్కించుకునే బిడ్డకు, ఒంట్లో ఇనుము ఎంత ఉందో చూడకుండా ఇవ్వకూడదు.

పరీక్ష ఫలితం ఏదైనా, మూడు నెలల లోపు పసిబిడ్డకు చంకలో పెట్టిన థర్మామీటర్ 100.4 డిగ్రీలు చూపిస్తే అది ఆసుపత్రి కేసే. వ్యాధి ఉన్నట్టు తేలితే ఆ తరవాత కూడా 101 డిగ్రీల జ్వరాన్ని ఇంట్లో ఉంచుకోకండి. పారాసెటమాల్ చుక్కలు వేసి తెల్లవారే దాకా చూద్దామని గాని, ముందు ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూది వేయిద్దామని గాని ఆగకుండా 108కి ఫోన్ చేయండి, డాక్టరుకు మొదటి మాటగా 'పాపకు సికిల్ సెల్' అని చెప్పండి. ఎడమ డొక్క కింద ప్లీహం అంచును వేళ్లతో తడిమి చూసుకోవడం డాక్టరు మీ ఇద్దరికీ నేర్పుతారు. పాప ఉన్నట్టుండి పాలిపోయి, ఆ అంచు నిన్నటి కంటే కిందికి దిగితే అదీ అత్యవసరమే. ఆరు వారాల టీకాలు ఇప్పటికే పడి ఉండాలి. పడకపోతే ఈ వారమే వేయించండి. పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్ చుక్కలతో పాటు న్యూమోకాకస్‌ను అడ్డుకునే పి.సి.వి. కూడా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి కణాలు మరింత వంగుతాయి కాబట్టి చనుబాలు ఆపకుండా ఓ.ఆర్.ఎస్., డాక్టరు చెప్పిన మోతాదులో జింకు ఇవ్వాలి. దోమతెర తప్పనిసరి.

22 వేల పరీక్ష సంగతి తొందరగానే తేల్చవచ్చు. ఇప్పుడు అక్కరలేదు. రాబోయే రోగాలన్నీ చెప్పే జన్యు పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆ ధరకు సాధారణంగా చేసేది జన్యువుల్లో ప్రోటీన్లను తయారుచేసే భాగాన్ని చదవడం. అందులో 'అర్థం ఇంకా తేలని మార్పు' అని రాసిన వరసలు కొన్ని దాదాపు అందరికీ వస్తాయి. వాటిని పట్టుకుని ఇంటిల్లిపాదీ నిద్ర మానుకోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. జన్యు పరీక్ష నిజంగా అక్కరకొచ్చే సందర్భాలు వేరు. హెచ్.పి.ఎల్.సి.లో ఇది సికిలా, సికిల్‌తో కలిసిన తలసీమియానా అని తేలకపోతే అందుకు పరిమితమైన చిన్న డి.ఎన్.ఎ. పరీక్ష చాలు. మీరిద్దరూ వాహకులని తేలి, మళ్లీ గర్భం వస్తే, 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి గర్భంలోని బిడ్డకు వ్యాధి ఉందో లేదో చెప్పగలరు. హైదరాబాద్‌లోని సి.డి.ఎఫ్.డి.లో జన్యు నిర్ధారణ విభాగం ఉంది, సలహా కోసం అక్కడికి డాక్టరు ద్వారా వెళ్లవచ్చు. ఇప్పుడు డబ్బు పెట్టదలిస్తే పాపకు థైరాయిడ్ పరీక్ష, అంటే టి.ఎస్.హెచ్., ఇంతవరకు చేయలేదేమో చూసి చేయించండి. అది కొన్ని వందల పని. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డకు వెంటనే మందు మొదలుపెట్టకపోతే బుద్ధి మాంద్యం వస్తుంది.

వ్యాధే తేలితే ఆశ వదులుకోవాలా అని మీరు అడగలేదు గాని, అడగబోతారని తెలుసు. 1948లో న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు, సికిల్ జన్యువులతో పుట్టిన పసికందుల రక్తకణాలు పెద్దవాళ్ల కణాల్లా అంతగా వంగడం లేదని గమనించి, పసితనపు హెమోగ్లోబిన్ వాళ్లను కాపాడుతోందని ఊహించారు. పైన చెప్పిన 'ఎఫ్' అదే. ఆ తరవాతి వైద్యం చాలామటుకు ఆ ఊహ చుట్టూనే తిరిగింది. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర ఎఫ్‌ను మళ్లీ పెంచుతుంది. 9 నుంచి 18 నెలల పసిపిల్లలకు ఇచ్చి చూసిన అధ్యయనం 2011లో వెలువడింది, వారికి నొప్పులూ చేతులు ఉబ్బడమూ తగ్గాయి. జన్యువును కత్తిరించి సరిచేసే చికిత్సకు 2023 చివర బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. అది చేసేది కూడా నిద్రపోయిన ఎఫ్‌ను లేపడమే. అప్పుడు దాని ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు, అనుమతి కూడా 12 ఏళ్లు దాటినవారికే ఇచ్చారు. మీకు అందేది, సరిపోయేది హైడ్రాక్సీయూరియా. వ్యాధి ఉన్నవారు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిధిలోకి కూడా వస్తారు.

ఆరు నెలలు నిండాక తల్లిపాలు కొనసాగిస్తూనే మెత్తని పప్పన్నం, రాగి జావ, ఉడికించిన గుడ్డు, ఆకుకూర మొదలుపెట్టండి. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పాపకే పెట్టండి, ఇంట్లో పెద్ద పిల్లల గిన్నెల్లోకి పోతుంది చాలాసార్లు.

ఇక మీ తమ్ముడి లగ్గం. పరీక్ష లేకుండా సంబంధం తెంచుకోవడంలో అర్థం లేదు. మీ మరదలికి ఈ జన్యువు ఉండే అవకాశం సుమారు సగం, అంటే లేకపోవడానికీ సగం. మీ తమ్ముడి లెక్క మీ లెక్కే. ఇద్దరిలో ఒక్కరికి ఉన్నా పెళ్లికి అభ్యంతరం లేదు. ఇద్దరికీ ఉంటే పైన చెప్పిన గర్భపరీక్షల దారి ఉందని తెలిసి, పిల్లలిద్దరూ కూర్చుని నిర్ణయించుకోవలసిన సంగతి అది, పెద్దలు కాదు. దీన్ని తెంచి, పరీక్ష చేయించని మరో గూడెం పిల్లను తెచ్చుకుంటే క్షేమమని అనుకోకండి. మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోయింది, ఎందుకంటే ఒక్కటి ఉన్నవారిని అది తీవ్రమైన మలేరియా నుంచి కాపాడింది. 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో దీన్ని చూపించారు. మీ తాతలు బతికి బట్టకట్టడంలో దానికీ పాలుంది కాబట్టి ఇందులో సిగ్గుపడవలసింది లేదు. తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ప్రతి కులానికీ ఇలాంటి వారసత్వం ఏదో ఒకటి ఉంటుంది. ఆపరేషన్‌లో మత్తుమందుతో పాటు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు ఒంట్లో త్వరగా విరగని లోపం ఆర్యవైశ్యుల్లో ఎక్కువని, హైదరాబాద్ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం ప్రస్తావించింది.

ఆసుపత్రికి ముగ్గురు కాదు, ఐదుగురు వెళ్లండి. మీ తమ్ముడిని, మరదలిని అదే ఆటోలో ఎక్కించుకోండి, మీ అమ్మగారు వస్తానంటే ఆమెను కూడా. ఎక్కే ముందు పాపకు కడుపు నిండా పాలిప్పించండి, సూది గుచ్చేటప్పుడు కూడా తల్లి రొమ్ము మీదే ఉండనివ్వండి, అంతగా ఏడవదు.